చావు కల వచ్చి మెలకువ వస్తే ఏం చేయాలి: ఆ నిమిషం నుంచి మొదలుపెట్టి

తెల్లవారుజామున ఏ మూడున్నరకో ఉలిక్కిపడి లేచి, పక్కన పడుకున్న మనిషి ఊపిరి తీసుకుంటున్నారా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలా చూశాను, ఒకసారి కాదు, చాలాసార్లు.

ఏడేళ్ళ క్రితం సంగతి. నేను విజయవాడ పటమటలో ఉన్నాను, నాన్నగారు గుంటూరు కొత్తపేటలో. కలలో ఆయన్ని మా పాత ఇంటి వరండాలో చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం, వాకిట్లో బోలెడు చెప్పులు. ఎవరూ ఏడవడం లేదు, అందరూ నా కోసమే ఆగినట్టు నా వైపు చూస్తున్నారు. లేచేసరికి ఒళ్ళంతా చెమట, టైము నాలుగూ పది. వెంటనే ఫోన్ చేశాను. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే పెద్దవాళ్ళు ఏమనుకుంటారు? ఎవరో పోయారనే అనుకుంటారు. ఆయన చీకట్లోనే గబగబా లేచి, మంచం పక్కన స్టూలు తగిలి పడి, మోకాలు వాచి పది రోజులు నడవలేకపోయారు. కల ఆయన్ని ఏమీ చేయలేదు, నా కంగారు చేసింది. అందుకే మొదటి సూచన అక్కడి నుంచే.

ముందు ఆ పది నిమిషాలు

ఎవరికీ ఫోన్ చేయకండి. ఇంట్లో ఎవరికైనా నిజంగానే గుండెల్లో నొప్పో, ఆయాసమో కనిపిస్తే అది వేరే విషయం, అప్పుడు 108కి చేయాలి. కల మాత్రమే వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టండి. ముఖ్యంగా "కలలో చావు కనిపిస్తే ఏమవుతుంది" అని ఆ చీకట్లో ఫోన్‌లో వెతకకండి. గుండె దడదడలాడుతున్నప్పుడు ఏ మాట చదివినా అది మనకే చెప్పినట్టు ఉంటుంది, ఇక తెల్లారేదాకా నిద్ర ఉండదు.

లేచి కూర్చోండి. కాళ్ళు నేల మీద ఆనించండి, గచ్చు చల్లగా తగలాలి. చిన్న లైటు వేసి నాలుగు గుక్కలు నీళ్ళు తాగండి. గదిలో కనిపించేవాటి పేర్లు మెల్లగా పైకే అనుకోండి: ఫ్యాను, కిటికీ, క్యాలెండరు, నిన్న ఆరేసిన టవలు. వినడానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ కల ఇంకా కళ్ళ ముందు ఆడుతున్నప్పుడు మనిషిని గదిలోకి తెచ్చేది ఇదే. ఊపిరి లోపలికి తీసుకున్నదానికంటే బయటికి వదిలేది ఎక్కువసేపు ఉండేలా పది పదిహేనుసార్లు చేయండి. ఇంట్లోవాళ్ళని చూసి రావాలనిపిస్తే ఒక్కసారి వెళ్ళి చూసి రండి, రెండోసారి వద్దు. రెండోసారి వెళ్తే మూడోసారి వెళ్ళాలనిపిస్తుంది, నాకు తెలుసు.

కొందరికి ఇంకోటి జరుగుతుంది. మెలకువ వచ్చినట్టే ఉంటుంది కానీ చెయ్యి కదలదు, గొంతు రాదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. చచ్చిపోతున్నామనే అనుకుంటారు. కలలు ఎక్కువగా వచ్చే నిద్రలో మన ఒళ్ళు కదలకుండా మెదడే కండరాలను వదులు చేసి ఉంచుతుంది, లేకపోతే కలలో పరిగెత్తినప్పుడల్లా మంచం మీద నుంచి పడిపోతాం. ఒక్కోసారి మనసు ముందు లేచి, ఒళ్ళు కాస్త ఆలస్యంగా లేస్తుంది. ఆ మధ్యలో ఉన్న కొన్ని క్షణాలే ఇది. కంగారుపడి మొత్తం ఒళ్ళు లేపాలని చూడకుండా, కాలి బొటనవేలు ఒక్కటి కదపడానికి చూడండి. ఇది వెల్లకిలా పడుకున్నప్పుడు, నిద్ర చాలని రోజుల్లో ఎక్కువ. పక్కకి తిరిగి పడుకోండి.

పళ్ళు తోముకోకముందే రాసేయండి

ఒక నోటు పుస్తకం, పెన్ను తలగడ దగ్గర పెట్టుకోండి. కల కొద్ది నిమిషాల్లోనే చాలావరకు పోతుంది, మిగిలినదానికి మనమే కథ అల్లేస్తాం. అందుకే నాలుగే నాలుగు వరుసలు. ఎవరు కనిపించారు. ఎక్కడ. నాకు ఎలా అనిపించింది. నిన్న ఏం జరిగింది. అర్థం మాత్రం అప్పుడే రాయకండి.

మూడో వరుస దగ్గర కాస్త ఆగండి. చావు కల అనగానే భయం అని రాసేస్తాం. నిజంగా భయమేనా? నా పాత పుస్తకం తిరగేస్తే నాన్నగారి కల కింద "సిగ్గుగా ఉంది" అని ఉంది. వాకిట్లో అందరూ నా వైపు చూస్తున్నారని చెప్పాను కదా. ఆలస్యంగా వచ్చినందుకు వాళ్ళు నన్ను తప్పుపడుతున్నట్టు అనిపించింది. నాలుగో వరుసలో ఏముందంటే, ఆ ముందు ఆదివారం గుంటూరు వస్తానని చెప్పి మానేశాను, అది వరసగా మూడో ఆదివారం. పటమట నుంచి కొత్తపేటకి ఎంత దూరం? బస్సెక్కితే గంటా గంటన్నర. నాలుగు వరుసలూ ఒకదాని కింద ఒకటి చూస్తే ఆ కలకి పంచాంగం అక్కర్లేదని నాకే అర్థమైంది. మరుసటి ఆదివారం వెళ్ళాను, వాచిన మోకాలికి నేనే కాపడం పెట్టాను.

నేను చెప్పదలచుకున్నది ఇదే. చావు కల రేపటి కబురు మోసుకు రాదు. మీరు ఎవరి గురించి బెంగపెట్టుకున్నారో, ఎవరికి ఏ మాట చెప్పకుండా దాచుకున్నారో, దేన్ని చూసి లోపల భయపడుతున్నారో అది చూపిస్తుంది. మనసు దగ్గర ఉన్న బొమ్మల్లో అన్నిటికంటే పెద్దది చావు, కాబట్టి గట్టిగా చెప్పాలనుకున్నప్పుడు అది దాన్నే వాడుకుంటుంది.

ఇది ఏదో విదేశీ డాక్టర్ల మాట అనుకునేవాళ్ళకి మన ఆయుర్వేదంలోనే ఒక సంగతి ఉంది. చరక సంహిత ఇంద్రియస్థానంలో కలలు ఏడు రకాలని చెప్పారు. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, రాబోయేదాన్ని సూచించేవి, వాత పిత్త కఫాల తేడా వల్ల వచ్చేవి. ఇందులో మొదటి అయిదింటికీ ఫలితం ఉండదని అక్కడే రాసి ఉంది. అంటే కలలో రాబోయేది కనిపించవచ్చని నమ్మిన కాలంలో కూడా, ముందు "ఇది నిన్న చూసిందా, విన్నదా, మనసులో అనుకున్నదా" అని వడపోయమన్నారు. మీ నాలుగో వరుస చేసే పని సరిగ్గా అదే. నిన్న సాయంత్రం ఎవరి దశదిన కర్మకైనా వెళ్ళొచ్చారా, పడుకునే ముందు యాక్సిడెంట్ వీడియో చూశారా, వాట్సాప్ గ్రూపులో ఎవరిదైనా ఫొటోకి దండ వేసి పెట్టారా, అన్నీ రాయండి.

ఎవరి చావు కనిపించింది?

బతికున్న అమ్మానాన్నలు చనిపోయినట్టు కల వస్తే, చాలామందికి, ముఖ్యంగా హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకి, అది దూరం గురించిన బెంగ. పెద్దవాళ్ళ వయసు పెరుగుతోందని పగలు ఒప్పుకోం, రాత్రి ఒప్పుకుంటాం. చేయాల్సిన పని చిన్నది. తెల్లారాక, ఎనిమిది దాటాక, మామూలుగా ఫోన్ చేయండి. కల సంగతి ఎత్తకండి. బీపీ మాత్రలు ఉన్నాయా, కళ్ళ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి, ఏం కూర వండారు అని అడగండి. ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న చెకప్ ఉంటే ఆ వారంలోనే చేయించండి. అంత భయానికీ ఒక పని దొరికినట్టవుతుంది.

గొడవపడిన మనిషి చనిపోయినట్టు కల వస్తే "నేను వాళ్ళ చావు కోరుకుంటున్నానా" అని కుమిలిపోయేవాళ్ళు ఉన్నారు. కోడళ్ళు కొందరు నాతోనే చెప్పుకుని ఏడ్చారు. కోపం ఉండటం నిజం కావచ్చు, కానీ కలలో పోయారంటే మీరు చంపాలనుకున్నట్టు కాదు. అలాంటి కల తరవాత మనసులో ఉపశమనం అనిపించిందా, దుఃఖం అనిపించిందా చూసుకోండి. రెండూ కలిసి కూడా ఉంటాయి, అందులో తప్పేమీ లేదు.

పిల్లలు చనిపోయినట్టు వచ్చే కల అన్నిటికంటే దారుణం. బాలింతలకి ఇది ఎక్కువగా వస్తుంది, నిద్రలోనే పక్క తడుముకుంటారు. కొత్తగా ఒక ప్రాణాన్ని చూసుకోవాల్సి వచ్చినప్పుడు మెదడు కాపలా కాస్తూనే ఉంటుంది, నిద్రేమో ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఇంట్లో ఉన్న అమ్మమ్మలకి, అత్తయ్యలకి నా మనవి: ఆ అమ్మాయి చెప్పగానే "ఛ, అలాంటి మాటలు నోటితో అనకు" అని మూయించకండి. చెప్పనివ్వండి. తరవాత బిడ్డని రెండు గంటలు మీరు పట్టుకుని, ఆమెని పడుకోనివ్వండి. రోజంతా ఏడుపు, దేనిమీదా ఇష్టం లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి.

మీరే చనిపోయినట్టు కల వస్తే మనవాళ్ళు "ఆయుష్షు పెరిగింది పో" అంటారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. భయపడ్డ మనిషిని ఒక్క మాటతో నిలబెట్టే తెలివి అందులో ఉంది. నేను గమనించినంతలో ఈ కల జీవితం మలుపు తిరిగేటప్పుడు వస్తుంది: పెళ్ళికి ముందు, ఉద్యోగం మారేటప్పుడు, ఊరు వదిలేటప్పుడు, రిటైరయ్యే నెలలో. పాత మనిషి వెళ్ళిపోతున్నట్టు లోపల తెలుస్తూ ఉంటుంది.

కానీ విజయవాడ, గుంటూరు కాలేజీ హాస్టళ్ళలో ఉండే పిల్లలు ఈ కల గురించి చెబితే తేలిగ్గా తీసుకోకండి. ర్యాంకులు, వారం వారం పరీక్షలు, తెల్లవారుజామునే స్టడీ అవర్... నిద్రే సరిగ్గా ఉండదు వాళ్ళకి. కలలో చనిపోవడం వేరు, మెలకువగా ఉన్నప్పుడు చచ్చిపోవాలనిపించడం వేరు. ఆ రెండోది ఉందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా పుట్టదు. ఉందని చెబితే ఆ పిల్లని, పిల్లాడిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఇంటికి తెచ్చుకోండి లేదా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. 14416 టెలీ మానస్ అనే మానసిక సాయం నంబరు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బు తీసుకోరు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు.

ముక్కూ మొహం తెలియని శవం కనిపిస్తే, నన్నడిగితే, పెద్దగా తవ్వుకోకండి. నాలుగు వరుసలు రాసి వదిలేయండి.

తెల్లవారుజాము కల నిజమవుతుందంటారు కదా?

అంటారు. మొదటి జాములో వచ్చిన కలకి ఏడాది గడువు, తెల్లవారేటప్పుడు వచ్చిన కలకి పది రోజులు అని లెక్కలు కూడా చెబుతారు. దీనికి ఒక కారణం మన నిద్రలోనే ఉంది. 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో కనుగుడ్లు గబగబా కదిలే ఒక దశ ఉందని గుర్తించారు. రెమ్ నిద్ర అంటారు. అది సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, రాత్రి మొదట్లో కొద్దిసేపే ఉండి తెల్లవారే కొద్దీ పొడుగవుతుంది. స్పష్టమైన, కథలాంటి కలలు ఎక్కువ అప్పుడే. పైగా దాని వెంటనే లేస్తాం కాబట్టి అవే గుర్తుంటాయి. తెల్లవారుజాము కలకి బలం ఎక్కువ అని పెద్దవాళ్ళు అనుకోవడంలో గమనింపు నిజమే, భవిష్యత్తుతో దానికి సంబంధం లేదు.

"మరి మా బాబాయ్ పోయే ముందు రోజు నాకు కల వచ్చిందే" అని మీరు అడగొచ్చు. నమ్ముతాను, కల వచ్చే ఉంటుంది. కానీ ఒక లెక్క వేద్దాం. 2011 జనాభా లెక్కల్లోనే విజయవాడ పది లక్షలు దాటింది. రాత్రికి వెయ్యి మందిలో ఒక్కరికే చావు కల వస్తుందనుకుందాం. ఒక్క రాత్రికి వెయ్యి కలలు, ఏడాదికి మూడు లక్షల అరవై అయిదు వేలు. అన్నింట్లో కొన్నయినా ఎవరో పోయిన రోజుతో కలవకుండా ఎలా ఉంటాయి? కలిసినవి తరతరాలు చెప్పుకుంటాం. కలవనివి మధ్యాహ్నానికి మర్చిపోతాం. పైగా బాబాయ్ అప్పటికే ఆస్పత్రిలో ఉండి ఉంటే ఆ కల రాకపోతేనే ఆశ్చర్యం.

నా సంగతి చెబుతాను. నాన్నగారు చనిపోయినట్టు నాకు పుస్తకంలో రాసినవే పదకొండు కలలు ఉన్నాయి. పదకొండుసార్లూ ఆయన బాగానే ఉన్నారు. ఆయన నిజంగా పోయిన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను, ఏ కలా రాలేదు.

రామాయణంలో భరతుడికి కల వచ్చింది కదా అంటారు కొందరు. వచ్చింది. తాతగారింట్లో ఉండగా, తెల్లవారుజామున, తండ్రి జుట్టు విరబోసుకుని కొండ మీద నుంచి పేడ మడుగులో పడినట్టు, గాడిదలు కట్టిన రథంలో దక్షిణానికి వెళ్ళినట్టు కనిపించింది. కథలో అప్పటికే దశరథుడు పోయాడు, కవి మనల్ని ఆ కబురుకి సిద్ధం చేస్తున్నాడు. అది కావ్యం. నాకు అందులో నచ్చేది ఇంకొకటి. భరతుడు దిగులుగా ఉంటే స్నేహితులు ఆటపాటలతో నవ్వించాలని చూశారు, కుదరలేదు. అప్పుడు ఒక స్నేహితుడు ఎందుకలా ఉన్నావని అడిగాడు, భరతుడు కల మొత్తం చెప్పాడు. మీరూ అదే చేయండి. ఎగతాళి చేయని, భయపెట్టని ఒక్క మనిషికి చెప్పండి. ఎవరూ లేకపోతే, మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసినట్టు కుళాయి తిప్పి పారే నీళ్ళకి చెప్పండి, లేదా తులసికోట దగ్గర. గట్టిగా పైకి చెప్పడంలోనే సగం బరువు దిగిపోతుంది.

నమ్మకం ఉన్నవాళ్ళు గజేంద్ర మోక్షం చదువుకోవచ్చు. వింటే పీడకలలు పోతాయని భాగవతంలోనే ఫలశ్రుతి ఉంది. పోతన పద్యాలు పడుకునే ముందు నెమ్మదిగా పైకి చదివితే ఊపిరి దానంతటదే నిదానిస్తుంది. ఇంద్రకీలాద్రి ఎక్కి అమ్మవారిని చూసి వస్తే ధైర్యం వస్తుందంటే వెళ్ళి రండి. కానీ మీ భయం మీద డబ్బు అడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. ఒకాయన మా బంధువుల్లో ఒకరికి, కలలో పళ్ళు ఊడాయి కాబట్టి ఇంట్లో మరణం తప్పదని, శాంతికి పదకొండు వేలు అవుతుందని చెప్పారు. ఆమె గాజు తాకట్టు పెట్టి ఇచ్చింది. ఆ తరవాత కూడా ఏడాదంతా భయపడుతూనే ఉంది, ఎందుకంటే ఆ "మరణం" అనే మాట ఆయన ఆమె చెవిలో వేసి పంపారు. పళ్ళు ఊడే కల వస్తే ముందు దవడ పట్టుకుని చూసుకోండి, నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉందేమో. లేచాక పళ్ళలో, దవడలో ఉండే బిగువుకీ ఈ కలలకీ సంబంధం కనిపించిందని 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు రాశారు. పంటి డాక్టరు ఫీజు ఆ శాంతి కంటే తక్కువే.

ఒకే కల మళ్ళీ మళ్ళీ వస్తుంటే

దీనికి చేయాల్సిన పని కాస్త ఓపికతో కూడింది, కానీ నిజంగా పనిచేస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను.

2024 సెప్టెంబరు ఒకటిన విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, వాంబే కాలనీ, పాయకాపురం వైపు ఇళ్ళు మునిగినప్పుడు, మాకు తెలిసిన ఒక పిన్నిగారు రెండు రాత్రులు డాబా మీద కరెంటు లేకుండా, పాలు లేకుండా మనవడితో గడిపారు. అందరూ క్షేమంగా బయటపడ్డారు. నెల తరవాత మొదలైంది కల. నీళ్ళు మెట్లెక్కి వస్తుంటాయి, మనవడు చెయ్యి జారిపోతాడు, ఆమె అరుస్తూ లేస్తారు. వారానికి మూడు నాలుగుసార్లు. వాన చినుకు పడితే చాలు, ఆ రాత్రి తప్పకుండా.

ఇలాంటి కలలకి కలని తిరగరాసే పద్ధతి ఒకటి ఉంది. బారీ క్రాకో అనే అమెరికా డాక్టరు, ఆయన తోటివారు లైంగిక దాడి నుంచి బయటపడిన స్త్రీల మీద దీన్ని వాడి చూసి, పీడకలలు తగ్గాయని 2001లో ప్రచురించారు. ఇంట్లో ఇలా చేసుకోవచ్చు. పగటిపూట, వెలుతురు ఉన్న చోట కూర్చుని కలని రాయండి. మొదటిసారే అన్నిటికంటే భయంకరమైన కలని తీసుకోకండి, కొంచెం తేలికైనది తీసుకోండి. ఇప్పుడు అందులో మీకు నచ్చిన చోట కథ మార్చండి. ఎలా మార్చాలని ఎవరినీ అడగొద్దు, అది మీ ఇష్టం. పిన్నిగారు ఏం మార్చారంటే, మెట్లెక్కి వచ్చిన నీళ్ళు ఆమె కాళ్ళ దగ్గర ఆగి ప్రకాశం బ్యారేజి దగ్గర స్నానాల రేవు నీళ్ళలా అవుతాయి, మనవడు అందులో కాగితం పడవ వదులుతాడు. ఈ కొత్త కథని రోజూ పది పదిహేను నిమిషాలు, కళ్ళు మూసుకుని, రంగులతో చప్పుళ్ళతో సహా చూడండి. పాత కలని మళ్ళీ నెమరేయకండి, కొత్తదే. కనీసం మూడు నాలుగు వారాలు. ఆమెకి అయిదో వారానికి కల నెలకి ఒకటీ రెండుకి దిగింది. పూర్తిగా పోలేదు, వానాకాలం రాగానే కొంచెం తిరిగి వస్తుంది, అప్పుడు మళ్ళీ పడవ కథ చూసుకుంటారు.

అసలు వరద ముఖమే చూడనివాళ్ళకి కూడా నీళ్ళు ముంచెత్తే కల వస్తుంది. ఎర్నెస్ట్ హార్ట్‌మన్ అనే అమెరికా మనోవైద్యుడు చెప్పింది ఇదే. ఇల్లు కాలిపోయినవాళ్ళకి, దాడికి గురైనవాళ్ళకి కూడా పెద్ద అల వచ్చి మీద పడే కల రావడం ఆయన చూశారు. జరిగిన సంఘటన కాదు, దాని తాలూకు నిస్సహాయత కలలో బొమ్మ అవుతుంది. కాబట్టి అప్పులు మెడకి చుట్టుకున్నప్పుడు కృష్ణలో మునిగిపోతున్నట్టు కల వస్తే నది జోలికి వెళ్ళడం మానేయక్కర్లేదు, అప్పు సంగతి ఇంట్లో చెప్పాలి.

ప్రాణాల మీదికి వచ్చిన సంఘటన తరవాత పగలు కూడా అదే కళ్ళ ముందు మెదులుతుంటే, ఆ చోటికి వెళ్ళలేకపోతుంటే, ఇంట్లో చేసుకునే పని కాదు, మానసిక వైద్యుల సాయం తీసుకోండి. గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వాసుపత్రి రెండింటిలోనూ ఆ విభాగం ఉంది.

మందుల డబ్బా కూడా ఒకసారి తీయండి

ఈ పని చాలామంది చేయరు. బీపీకి, గుండెకి, మైగ్రేన్‌కి వాడే ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలతో కొందరికి పీడకలలు వస్తాయి. డిప్రెషన్ మందులు కొన్నింటితో కూడా. గుంటూరులో మిర్చి ఘాటుకి తుమ్ములు, అలర్జీ అని ఎంతమంది ఇళ్ళల్లో మాంటెలుకాస్ట్ కలిసిన మాత్రలు, పిల్లల సిరప్‌లు ఉంటాయో మీకే తెలుసు. దానివల్ల పీడకలలు, మనసులో మార్పులు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టించింది. మీ కలలు, లేదా మీ పిల్లల కలలు, కొత్త మందు మొదలైన రోజుల్లోనే మొదలయ్యాయేమో తేదీలు చూడండి. మీ అంతట మీరు మానేయకండి, పుస్తకం పట్టుకెళ్ళి మందు రాసిన డాక్టరుకి చూపించండి.

రోజూ తాగే అలవాటు ఒక్కసారిగా మానేసినప్పుడు, జ్వరంలో, నిద్ర తప్పిన రోజుల తరవాత కూడా కలలు విరుచుకుపడతాయి. ఊపిరాడక చనిపోతున్నట్టు తరచూ కల వస్తూ, మీరు గురక పెడతారని ఇంట్లోవాళ్ళు అంటుంటే, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందేమో గమనించమని చెప్పండి. అది నిజమైన జబ్బు, పరీక్ష ఉంది, వైద్యం ఉంది. అలాగే యాభై దాటిన మగవాళ్ళు నిద్రలో కలకి తగ్గట్టు అరవడం, తన్నడం, గుద్దడం చేస్తుంటే నవ్వి వదిలేయకుండా నరాల డాక్టరుకి చూపించాలి, అది పార్కిన్సన్స్‌కి ముందు గుర్తు కావచ్చు.

చనిపోయినవాళ్ళు కలలోకి వస్తే

ఇక్కడ నేను తొందరపడను. ఎందుకంటే ఇది భయం కంటే ప్రేమకి దగ్గర.

మా నాయనమ్మ చివరి నెలల్లో మంచం మీద ఉన్నప్పుడు, "మీ తాతయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడే, రమ్మంటున్నాడు" అనేవారు. మేమంతా "అలా అనకు మామ్మా" అని నోరు మూయించేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. అమెరికాలో బఫెలో నగరంలోని హాస్పిస్‌లో, అంటే ఇక నయం కాని రోగులని చివరిదాకా చూసుకునే చోట, క్రిస్టొఫర్ కెర్ అనే డాక్టరు, ఆయన బృందం, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని వాళ్ళ కలల గురించి రోజూ అడిగి రాసుకున్నారు. చనిపోయిన ఆత్మీయులు కనిపించే కలలే వాళ్ళకి అన్నిటికంటే ఊరటనిచ్చాయని తేలింది. మేము భయపడ్డాం కానీ నాయనమ్మ భయపడలేదు, ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగేది. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళు ఉంటే "ఏమన్నాడు? ఏ చొక్కా వేసుకున్నాడు?" అని అడగండి. పక్కన కూర్చుని వినండి. ఒక్క జాగ్రత్త: అప్పటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి తికమకగా, మనుషుల్ని గుర్తుపట్టకుండా మాట్లాడితే అది జ్వరమో, ఇన్‌ఫెక్షనో, ఒంట్లో సోడియం తగ్గడమో కావచ్చు, వెంటనే డాక్టరుని పిలవాలి.

మీ కలలోకి వచ్చినవాళ్ళు రమ్మని పిలిచారని, మీరు వెంట వెళ్ళారని భయపడుతున్నారా? పోయినవాళ్ళ వెంట వెళ్ళాలనిపించడం దుఃఖంలో మామూలే, కల దాన్నే చూపించింది. అన్నం అడిగితే పెట్టండి. మన వైపు ఆ అలవాటు ఉంది కదా, వాళ్ళకి ఇష్టమైనది వండి ఎవరి ఆకలైనా తీర్చడం. తద్దినం బాకీ ఉంటే పెట్టుకోండి, ఘాటుకి వెళ్ళి తర్పణం వదలాలనిపిస్తే వదలండి. శక్తికి మించి మాత్రం చేయకండి.

నాన్నగారు పోయాక చాలాకాలం నా కలలోకి రాలేదు. పోయిన మాఘమాసంలో వచ్చారు. ఆ రోజు రాసుకున్న నాలుగు వరుసలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను, ఎలా రాయాలో తెలుస్తుందని.

ఎవరు: నాన్నగారు, నీలం గళ్ళ లుంగీలో.
ఎక్కడ: కొత్తపేట ఇంటి వంటగదిలో, పెనం ముందు పీట మీద. ఇంకో అట్టు వెయ్యవా అన్నారు.
నాకు ఎలా అనిపించింది: ఆకలి. ఏడుపు రాలేదు.
నిన్న ఏం జరిగింది: పటమటలో పెసరట్ల బండి దగ్గర అల్లం పచ్చడి వాసనకి ఆగి, లైను ఎక్కువగా ఉందని తినకుండా వచ్చేశాను. ఈ రోజు పెసలు నానబోశాను. వాచ్‌మన్ తాతకి కూడా వేయాలి.